తమ్ముడికిచ్చిన చేబదులు, జూన్ తొమ్మిదో తారీఖు

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది మలక్‌పేట. టీచరుగా చేసి రిటైరయ్యాను. 2023 జూన్‌లో, మృగశిర కార్తె వచ్చిన రోజుల్లో, మా తమ్ముడు ఇంటికొచ్చి కొత్తపేటలో టిఫిన్ సెంటరు పెట్టుకుంటానని, షాపు అడ్వాన్సుకు నాలుగు లక్షలు సర్దమని అడిగాడు. 9వ తేదీన బ్యాంకులో 50,000 తీసి చేతికిచ్చాను. 12న మిగతా 3,50,000 వాడి ఖాతాకు పంపాను. వడ్డీ ప్రసక్తి లేదు. కాగితం రాయించుకోలేదు. "నీ ధైర్యానికి ఉంచుకో అక్కా" అని వాడే సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి చేతిలో పెట్టాడు. 2024లో నాలుగు నెలలపాటు ఫోన్‌పేలో పదేసి వేలు పంపాడు, కింద "అక్క లోన్" అని కూడా కొట్టాడు. తర్వాత ఆపేశాడు. మొన్న ఉగాదికి గట్టిగా అడిగితే "అది అప్పేంటి, నాన్న ఇల్లు అమ్మినప్పుడు నీకు వాటా ఇచ్చాం కదా, దానికీ దీనికీ చెల్లు" అన్నాడు. తమ్ముడి మీద కోర్టుకెక్కి రాఖీ ఏ మొహంతో కడతావే అని అమ్మ ఏడుస్తోంది. పక్కింటాయన 420 కేసు పెట్టమంటున్నారు. మూడేళ్లు దాటితే డబ్బు పోయినట్టేనని ఇంకొకరన్నారు. ఏం చెయ్యమంటారు?
ఒక అక్క, మలక్‌పేట

జవాబు: అమ్మా, మీకు చెప్పినవాళ్లలో ఆ 'ఇంకొకరే' సరైన మాట చెప్పారు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం చేబదులు వసూలుకు దావా వెయ్యడానికి మూడేళ్లే గడువు. మీరు గట్టిగా అడిగిన ఉగాది నుంచో, అతను కాదన్న పూట నుంచో లెక్కపెట్టరు. డబ్బు ఇచ్చిన రోజు నుంచే లెక్క. "నువ్వు ఎప్పుడడిగితే అప్పుడిచ్చేస్తా" అని ఇచ్చిన అప్పుకైనా అంతే. పైగా మీకు తారీఖులు రెండు. 50,000కు జూన్ 9, మిగతాదానికి జూన్ 12. మీ ఉత్తరం నా చేతికొచ్చేసరికి రెండు నెలలు కూడా మిగల్లేదు, మధ్యలో మే నెలంతా సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. ఆఖరి రోజున కోర్టు మూసి ఉంటే తెరిచిన రోజు వేసుకోవచ్చని చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది గానీ, మీ తారీఖులు మామూలుగా కోర్టులు తెరిచాకే వస్తాయి కాబట్టి దాన్ని నమ్ముకోకండి.

పదేసి వేలు పంపాడు కదా, అప్పటి నుంచి గడువు మళ్లీ మొదలవదా అని మీకు అనిపించవచ్చు. అదే చట్టంలో 19వ సెక్షను ఆ మాట అంటుంది. కాకపోతే ఆ చెల్లింపు సంగతి తిరిగి కట్టినవాడి చేతిరాతలోనో, సంతకంతోనో ఉండాలని షరతు పెట్టింది. ఫోన్‌పేలో కొట్టిన "అక్క లోన్" సంతకం కిందికి వస్తుందా రాదా అని కోర్టులో గంటలకొద్దీ వాదించుకోవచ్చు. ఆ వాదన మీద 3,60,000 పందెం కాయకండి. అయితే ఇంకో పనికి ఆ రెండు ముక్కలు బంగారం. అది అప్పు కాదు, వాటాకు చెల్లు అని మీ తమ్ముడు ఇప్పుడంటున్నాడు చూశారా, చెల్లయిన డబ్బుకు నెలనెలా పదివేలు ఎందుకు కట్టాడో అతనే చెప్పుకోవాలి. నాన్నగారి స్వార్జితమైన ఇంట్లో, వీలునామా లేకుండా పోతే, కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 నుంచే ఉంది. ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని కోర్టుకు పోవడం కాదు, ఒక ఆదివారం కొత్తపేట వెళ్లడం. టిఫిన్ల రద్దీ తగ్గాక, పదకొండు దాటాక వెళ్లండి. ఒక తెల్లకాగితం తీసుకెళ్లండి. అతని చేత ఈ నాలుగు ముక్కలు రాయించండి: "నేను మా అక్క దగ్గర 2023 జూన్ 9న 50,000, జూన్ 12న 3,50,000 రూపాయలు చేబదులుగా తీసుకున్నాను. అందులో 40,000 తిరిగి ఇచ్చాను. ఇంకా 3,60,000 బాకీ ఉన్నాను. చెల్లిస్తాను." కింద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం స్టాంపు మీద నుంచి కాగితం మీదికి వచ్చేలా పెట్టించండి, తేదీ వేయించండి. గడువు లోపల రాసిస్తే "బాకీ ఉన్నాను" అన్న ఒక్క మాట చాలు, సంతకం పెట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. గడువు దాటాక రాసిస్తే మాత్రం "చెల్లిస్తాను" అన్న మాట తప్పనిసరి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం అలాంటి రాతకే ప్రాణం పోస్తుంది. అందుకే రెండు మాటలూ పెట్టమంటున్నాను.

అడగడానికి మొహమాటం అంటారా? నేను నల్లకోటు వేసుకుని పాతికేళ్లు దాటాక మా చిన్నాన్న కొడుక్కి 60,000 ఇచ్చాను. వాళ్లావిడ కాఫీ కలుపుతుంటే, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, నోట్లు లెక్కపెట్టకుండానే ఇచ్చాను. రోజూ పదిమందికి కాగితం రాయించుకోండని చెప్పే నోరు ఆ పూట పెగల్లేదు. నాలుగో ఏడు అడిగితే "అప్పుడే ఇచ్చేశాను కదా అక్కా" అన్నాడు. నా ఫైలులో ఏముంది? ఏమీ లేదు. మావారు ఇప్పటికీ కాఫీ తాగేటప్పుడు ఆ సంగతి ఎత్తుతారు.

ఇక చెక్కు. సంతకం పెట్టి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కును తర్వాత నింపినా, అది బాకీకే ఇచ్చినట్టు కోర్టు భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీ తమ్ముడే. కానీ ఆవేశంలో 4,00,000 అని నింపారో, కేసు అక్కడే దెబ్బతింటుంది. కొంత తీరిన బాకీకి మొత్తం సొమ్ము వేస్తే చెక్కు కేసు నిలవదని 2022లో అదే కోర్టు తేల్చింది. 3,60,000 అనే వేయండి. వేసిన తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో ఇవ్వాలి. అది తిరిగొస్తే, ఆ సంగతి బ్యాంకు మీకు తెలిపిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందాక అతనికి 15 రోజులు. అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెలలోపు, మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ చెక్కు కేసులకున్న నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద ఫిర్యాదు. రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు సొమ్ముకు రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. దీనికీ జూన్ తారీఖులతో సంబంధం ఉంది: గడువు దాటిన బాకీ మీద చెక్కు వేస్తే అది వసూలు చేసుకోదగ్గ బాకీయే కాదని అవతలి లాయరు లేస్తాడు. ముందుగా ఆ చెక్కు చెల్లేదో కాదో బ్యాంకులో కనుక్కోండి. ఆమధ్య ఒక పెద్దాయన పర్సులోంచి మడత నలగకుండా ఒక చెక్కు తీశారు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌ది! ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1నే ఎస్‌బీఐలో కలిసిపోయింది.

చేతికిచ్చిన 50,000 గురించి మీరు అడగలేదు గానీ అవతలివాళ్లు అడుగుతారు. 20,000 అంతకు మించి అప్పును నగదుగా పుచ్చుకోకూడదని అప్పటి ఆదాయపు పన్ను చట్టం 269ఎస్‌ఎస్ సెక్షను చెప్పేది. ఆ తప్పు, దాని జరిమానా పుచ్చుకున్నవాడివి, మీవి కావు. అంతమాత్రాన బాకీ చెల్లకుండా పోదని చెక్కు కేసుల విషయంలో 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జూన్ 9న మీరు డబ్బు తీసిన ఎంట్రీ ఉన్న పాస్‌బుక్ పేజీ మాత్రం జాగ్రత్త.

పక్కింటాయన మాట పక్కన పెట్టండి. 420 నిలవాలంటే డబ్బు అడిగిన నాడే ఎగ్గొట్టాలన్న బుద్ధి ఉన్నట్టు చూపాలి. నాలుగు నెలలు కట్టినవాడి మీద అది అతకదు. స్టేషన్‌కు వెళ్తే "సివిల్ మ్యాటరమ్మా" అని పంపేస్తారు, ఈలోపు ఒక వారం పోతుంది.

అతను సంతకం పెట్టనన్నాడనుకోండి, అప్పుడు పురానీ హవేలీ. సిటీ సివిల్ కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం కింద ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వడానికి ఆదాయంతో పని లేదు. మీ పెన్షను ఎంతని ఎవరూ అడగకూడదు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. దావా వెయ్యకముందే లోక్ అదాలత్‌కు తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. మీ తమ్ముడికి కబురు పంపి ఇద్దర్నీ కూర్చోబెడతారు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. నెలకు పదివేలు చొప్పున 36 నెలలని రాసుకున్నా సరే. ఒక్కటే హెచ్చరిక: అక్కడ వాయిదాలకు తిరుగుతున్నంత కాలం గడువు ఆగిపోతుందని అనుకోకండి. మే నెలాఖరుకు సంతకమో, రాజీయో రాకపోతే జూన్ మొదటి వారంలో దావా పడాలి. తర్వాత కూడా రాజీపడొచ్చు.

వాట్సాప్ మెసేజీలు, వాయిస్‌లు ఏవైనా ఉంటే చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు. 2023 నాటి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ జతచేసి వాటిని కోర్టులో పెట్టవచ్చు.

అమ్మగారికి ఏం చెప్పాలో నాకు తెలిసిన చట్టంలో లేదు. ఆవిణ్ని కూడా కొత్తపేట తీసుకెళ్లండి. కొడుకు రాస్తుంటే పక్కన కూర్చుని సాక్షి సంతకం పెట్టమనండి.

ప్రశ్న: మా బావమరిది రెండు లక్షలకు ప్రోనోటు రాసిచ్చాడు. స్టాంపు అంటించడం ఇద్దరం మర్చిపోయాం. ఏడాదిన్నర అయింది. ఇప్పుడు అంటిస్తే సరిపోతుందా?
ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: అంటించకండి బాబూ. సంతకం అయిపోయిన నోటుకు మీరొక్కరే ఇప్పుడు స్టాంపు అతికిస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. చాలా పత్రాలకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి గట్టెక్కవచ్చు, ప్రోనోటుకు ఆ సదుపాయం లేదు. స్టాంపు చట్టం 35వ సెక్షను దాన్ని సాక్ష్యంగానే తీసుకోనివ్వదు. డబ్బు ముందు బ్యాంకు ద్వారా ఇచ్చి, నోటు తర్వాత రాయించుకుని ఉంటే, నోటు జోలికి పోకుండా అసలు అప్పు మీదే దావా వేసే దారి ఒకటుంది. అంతదాకా ఎందుకు, మీకింకా ఏడాదిన్నర గడువుంది, బావమరిదితో మాటలూ ఉన్నట్టున్నాయి. పోస్టాఫీసులో రెవెన్యూ స్టాంపులు ఓ నాలుగు కొని, భోజనానికి పిలిచి, కొత్త నోటు రాయించుకోండి. పాతది అతని ఎదురుగానే చింపేయండి.