ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టే పట్టీ) సర్జరీ అయ్యి మూడు నెలలకే నొప్పి పోయింది, ఫుట్‌బాల్ ఆడొచ్చా?

ఆడకూడదు, మ్యాచ్‌కి కనీసం 9 నెలలు ఆగాలి. తెగిన లిగమెంటు స్థానంలో తొడ వెనక నుంచో మోకాలిచిప్ప కింద నుంచో తీసిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నారలాంటిది) ముక్కను బిగిస్తారు. దానికి మొదట్లో రక్తప్రసరణ ఉండదు. కొత్త రక్తనాళాలు పాకి లిగమెంటులా మారే క్రమంలో, సుమారు 6 నుంచి 12 వారాల మధ్య అది బాగా బలహీనపడుతుంది. చిత్రమేమిటంటే, సరిగ్గా అప్పుడే వాపు తగ్గి మెట్లు హాయిగా ఎక్కేస్తుంటారు. దాంతో అంతా అతుక్కుపోయిందనుకుంటారు. తిన్నగా పరుగెత్తడం వేరు, బూటు గడ్డిలో దిగబడి ఉండగా ఒంటికాలి మీద గిర్రున తిరగడం వేరు. బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్ ఆటగాడు గావికి 19 ఏళ్లప్పుడు, 2023 నవంబరులో ఇదే లిగమెంటు తెగితే 2024 అక్టోబరులో గానీ మళ్లీ మ్యాచ్ ఆడలేదు. నెలలు నిండితే చాలనుకోవడమూ పొరపాటే: ఆపరేషనైన కాలి తొడ ముందు కండరానికి రెండో కాలి బలంలో 90 శాతమైనా రావాలి, ఒంటికాలి గెంతులోనూ అంతే.