పిలాటిస్ నేర్చుకుంటున్న మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

పిలాటిస్ తరగతికి క్రమం తప్పకుండా వెళ్తున్నావనీ, ట్రైనర్ చెప్పినన్ని సార్లు చేస్తున్నావనీ, అయినా కాలు తిప్పినప్పుడల్లా నడుము పట్టేసినట్టు ఉంటోందనీ రాశావు. చాలాకాలంగా ఈ వ్యాయామాలు చేస్తూ, పదిమందికి నేర్పుతూ వచ్చినదానిగా నాకు తోచేది ఒక్కటే: సంఖ్య పూర్తవుతోంది కానీ మనసు అక్కడ ఉండడం లేదు. ఈ పద్ధతిని రూపొందించిన జర్మనీవాడు జోసెఫ్ పిలాటిస్ దీనికి పెట్టుకున్న పేరు ‘కంట్రాలజీ’. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో నిర్బంధ శిబిరంలో ఉండి, ఆ తరువాత న్యూయార్క్ చేరి నృత్యకళాకారులకు శిక్షణ ఇచ్చిన ఆయన, 1945లో అచ్చయిన తన పుస్తకంలో కూడా కండబలం కంటే శరీరం మీద మనసుకు ఉండవలసిన అదుపుకే పెద్దపీట వేశాడు.

ఏకాగ్రత అంటే పళ్లు బిగించి, కనుబొమలు ముడిచి చేయడం కాదు. ప్రతి కదలికలోనూ శరీరంలో ఒక్క చోటును ఎంచుకుని, మొదటి నుంచి చివరి దాకా దాన్ని వదలకుండా గమనించడమే ఏకాగ్రత. ఎక్కడ గమనించాలన్నది వ్యాయామాన్ని బట్టి మారుతుంది. చాలామంది పొరబడేది అక్కడే.

నిన్ను ఇబ్బంది పెడుతున్న కాలి వలయాలనే తీసుకో. వెల్లకిలా పడుకుని ఒక కాలు పైకెత్తి గుండ్రంగా తిప్పుతున్నప్పుడు అందరి దృష్టీ కదిలే కాలి మీదికే పోతుంది, కానీ ఆ వ్యాయామంలోని అసలు పని కదలకుండా ఉండవలసిన కటి భాగానిది. మొదలుపెట్టే ముందు అరచేతుల్లో మణికట్టు వైపు భాగాలను తుంటి ఎముకల ముందుభాగాన, వేళ్ల కొనలను పొత్తికడుపు దిగువ ఎముక మీద ఆనించు. ఆ మూడు బిందువులూ నేలకు సమాంతరంగా ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకో. ఇప్పుడు కాలిని నెమ్మదిగా తిప్పు. కాలు పక్కకు వెళ్లిన క్షణంలో ఒక అరచేయి పైకి లేచిందంటే, నీ వలయం నీ అదుపు దాటి పెద్దదయిందన్నమాట. దాన్ని సగానికి తగ్గించు, అవసరమైతే మోకాలు కొంచెం మడుచుకో. పక్క మ్యాట్ మీదివాళ్లు ఎంత పెద్ద వలయం గీస్తున్నారో నీకు అనవసరం.

పడుకున్న స్థితి నుంచి వెన్నును మడుస్తూ లేచి, మళ్లీ వెనక్కి వాలే ‘రోల్ అప్’లో గమనించవలసినది వేరు. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు ఉంటాయి. వెనక్కి వాలుతున్నప్పుడు అవి కింది నుంచి ఒకదాని వెనుక ఒకటి మ్యాట్‌ను తాకాలి. రోజంతా కుర్చీలో కూర్చునేవారికి సాధారణంగా నడుము దగ్గర నాలుగైదు పూసలు విడివిడిగా తెలియకుండా పలకలా ఒక్కసారే నేలకు తగులుతాయి. ఆ చోటు వచ్చేసరికి వేగం ఇంకా తగ్గించు. కండరాల్లోనూ స్నాయువుల్లోనూ కీళ్లలోనూ ఉన్న గ్రాహకాలు అవయవం ఎక్కడుందో మెదడుకు ఎప్పుడూ తెలుపుతూనే ఉంటాయి. ఊపుతో చేస్తే ఆ సమాచారాన్ని మనం గుర్తించేలోగానే కదలిక ముగిసిపోతుంది.

శ్వాస విషయంలో నీకున్న యోగాభ్యాసం మొదట్లో కొంత అడ్డు రావచ్చు. అక్కడ పొట్టను వదులు చేసి గాలి పీల్చడం అలవాటు; ఇక్కడ పొట్టను లోపలికి అదిమి ఉంచి పక్కటెముకలు పక్కలకూ వెనక్కూ విచ్చుకునేలా పీల్చాలి. వెల్లకిలా పడుకుని తల పైకెత్తి చేతులు ఆడిస్తూ చేసే ‘హండ్రెడ్’లో 5 లెక్కలు పీల్చి 5 లెక్కలు వదిలే ఆవృత్తి 10 సార్లు సాగుతుంది కనుక, అక్కడ మాత్రం లెక్కే నీ ఏకాగ్రతకు ఆధారం. మెడ బిగుసుకుంటే తల దించి, మిగతాది పూర్తిచేయి.

అద్దాలను నేను పెద్దగా ఇష్టపడను. ఒకటి రెండు సార్లు సరిచూసుకోవడానికి పనికొస్తాయి, ఆ తరువాత కళ్లు చూసినదాన్నే నమ్మి ఒళ్లు చెప్పేది వినడం మానేస్తాం. అలాగని ఎల్లకాలం లోపలికే చూస్తూ ఉండమని కూడా చెప్పను. ఒక కదలిక పట్టుబడ్డాక దాన్ని ఇంకా విడదీసి పరిశీలిస్తే ఒళ్లు బిర్రబిగుస్తుంది. అప్పుడు దృష్టిని బయటి గురి మీదికి మళ్లించి, పాదంతో ఎదుటి గోడను తాకబోతున్నట్టు ఊహించుకుంటే కదలిక సాఫీగా సాగుతుంది. కదలికల అభ్యాసం మీద జరిగిన పరిశోధనలు కూడా చాలావరకు ఈ వైపే మొగ్గుతున్నాయి.

పది సార్లు చేయమన్నచోట నాలుగో సారికే ఆలోచన ఆఫీసు మెయిల్ మీదికి పోతే, ఆగి రెండు శ్వాసలు తీసుకుని మళ్లీ మొదలుపెట్టు. అప్పటికీ నిలవకపోతే ఆ వ్యాయామాన్ని ఆ పూటకు వదిలెయ్యి. ఈ సంగతి ట్రైనర్‌కు ముందే చెప్పి ఉంచితే తొందరపెట్టరు. ఇక, నడుము పట్టేయడం వేరు, నొప్పి కాలిలోకి పాకడమో తిమ్మిరెక్కడమో వేరు. రెండోది ఏమాత్రం కనిపించినా తరగతి ఆపి ముందు డాక్టరుకు చూపించు. అలాంటిదేమీ లేకపోతే ఈ వారం కాలి వలయాలను చిన్నవిగా చేసి, ఏ వైపు అరచేయి ముందుగా లేస్తోందో నాకు రాయి.

ఇట్లు,
నీ అత్తయ్య