మెటాడేటాను తెలుగులో ఏమనాలి?

సందేహం: మా ఇళ్లలోని పాత ఫోటోలను, శుభలేఖలను పిల్లల చేత స్కాన్ చేయిస్తున్నాం. ప్రతిదానికీ మెటాడేటా, అంటే అది ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అనే వివరాలు, చెప్పమంటే పెద్దలకు అర్థం కావడం లేదు. ‘అధిదత్తాంశం’ అనవచ్చునా? ‘మెటాడేటా ఉంది’ అనాలా, ‘ఉన్నాయి’ అనాలా?
– ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

సమాధానం: ‘అధిదత్తాంశం’ తప్పు మాట కాదు. ‘అధి’ అనే ఉపసర్గకు ‘పైన’ అనే అర్థంతో పాటు ‘గురించి’ అనే అర్థమూ ఉంది. ఆత్మను గురించినది అధ్యాత్మం అయినట్లే దత్తాంశాన్ని, అంటే డేటాను, గురించినది అధిదత్తాంశం అవుతుంది. ‘డేటా’కు మూలమైన లాటిన్ పదమూ, మన ‘దత్తం’ కూడా ‘ఇచ్చినది’ అనే అర్థం గలవే, ఒకే ప్రాచీన ధాతువు నుంచి పుట్టినవే. అయితే నిర్మాణం సరిగా ఉన్నంత మాత్రాన మాట నోటికెక్కదు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిలో ఉన్నారు కనుక, తరగతిలో ‘మెటాడేటా’ అనండి, పెద్దలను మాత్రం ‘దీని ఊరూపేరూ చెప్పండి’ అని అడగండి. లాటిన్‌లో డేటా బహువచనమే అయినా, తెలుగులో ‘సమాచారం’ లాగా ఏకవచనంగా స్థిరపడింది కాబట్టి ‘ఉంది’ అనడమే సరి.

మాట కొత్తదే గాని పని మనకు కొత్త కాదు. కావ్యాలలో ప్రతి ఆశ్వాసం (అధ్యాయం) చివర వచ్చే గద్య కవి పేరు, కృతి పేరు చెబుతుంది. తాళపత్రాల చివర వ్రాయసకాడు సంవత్సరం, తిథి, వారం రాసిపెట్టేవాడు. కానీ ఆ సంవత్సరాలు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. శుభలేఖలో ‘ఆనంద నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 1914 కావచ్చు, 1974 కూడా కావచ్చు. స్కాన్ చేసిన ఫైలు తనంతట తాను నమోదు చేసుకునేది స్కాన్ చేసిన తేదీనే గాని పెళ్లి తేదీ కాదు. దానిని మీరే రాయాలి.

ఒక ఫోటోను తిరగేస్తే వెనుక పెన్సిలుతో ‘పెద్దక్క పెళ్లి, బరంపురం’ అని ఉందనుకోండి. ఎదుట కనిపించే బొమ్మ డేటా, వెనుకనున్న ఆ మూడు మాటలు మెటాడేటా. ఎవరికి పెద్దక్క? రాసినవారు పోయాక ఆ వరస ఎవరికీ అందదు. మన భాషలో వరసలు చెప్పేవారిని బట్టి మారతాయి గనుక, వరస పక్కన మనిషి పేరు తప్పక రాయించండి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే చెప్పగల పెద్దలు ఇప్పుడే ఉన్నారు.

ఊరి పేరు విషయంలో మీ ప్రాంతానికి మరింత జాగ్రత్త అవసరం. మనం పర్లాకిమిడి, బరంపురం అంటే ఒడియాలో పారలాఖెముండి, బ్రహ్మపుర అంటారు. ఒక పేరే రాస్తే రెండో పేరుతో వెతికేవారికి ఆ ఫోటో దొరకదు. మీ ఊరు 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోను, తరువాత ఒడిశాలోని గంజాంలోను, 1992 నుంచి గజపతి జిల్లాలోను ఉన్నది. ఫోటో మీద నాటి జిల్లా పేరు ఉంటే దిద్దకుండా అలాగే ఎక్కించి, నేటి పేరును పక్కన వేరే గడిలో చేర్చండి.