ఉన్న ఎస్‌యూవీ అమ్మేసి హైబ్రిడ్ కొనాలా?

ప్రశ్న: మేము ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటున్నాం. మాకు 2019 టొయోటా రావ్ ఫోర్ పెట్రోలు బండి ఉంది. అరవై వేల మైళ్లు తిరిగింది, ఇంతవరకు ఏ ఇబ్బందీ పెట్టలేదు. లోను కూడా తీరిపోయింది. ఆఫీసులో ఒక్కొక్కరే హైబ్రిడ్‌కు మారుతున్నారు. డీలరు మా పాత బండికి మంచి ధర ఇస్తానంటున్నాడు. మారితే లాభమేనా? హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాం, గ్రీన్ కార్డు ఇప్పట్లో వచ్చేలా లేదు.

జవాబు: ఇప్పుడే వద్దు. మీ బండి ఇంకా చాలా ఏళ్లు నిశ్చింతగా తిరుగుతుంది, తిరగనివ్వండి. దాని తర్వాత కొనేది మాత్రం హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న బండి, అయితే మంచిది. హైబ్రిడ్ మంచి బండా కాదా అనేది ఒక సంగతి, దానికోసం చక్కగా నడుస్తున్న బండిని వదిలించుకోవాలా అనేది ఇంకో సంగతి. మనవాళ్ల వాట్సాప్ చర్చల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోతుంటాయి.

ముందు లెక్క చూద్దాం. మీరు ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతారనుకోండి. మీ బండి ఊళ్లోనూ హైవేలోనూ కలిపి గ్యాలనుకు సుమారు 30 మైళ్లు ఇస్తుంది. అంటే 400 గ్యాలన్లు. అదే రావ్ ఫోర్ హైబ్రిడ్ సుమారు 40 ఇస్తుంది, 300 గ్యాలన్లతో సరిపోతుంది. మిగిలేది ఏడాదికి 100 గ్యాలన్లు. గ్యాలను మూడు డాలర్ల చొప్పున 300 డాలర్లు. అందులోంచి ఇంకో కోత ఉంది. పెట్రోలు పన్ను రాబడి తగ్గుతోందని మీ ఒహాయో ప్రభుత్వం 2020 నుంచి హైబ్రిడ్ బండ్లకు ఏటా రిజిస్ట్రేషనుతో పాటు అదనంగా 100 డాలర్లు వసూలు చేస్తోంది. అది పోను మీ చేతికి మిగిలేది 200.

ఇక పెట్టే ఖర్చు. కొత్త హైబ్రిడ్ 35,000 డాలర్లనీ, మీ పాత బండికి 18,000 వచ్చిందనీ అనుకుందాం. పైన వేయాల్సింది 17,000. దాని మీద అమ్మకపు పన్ను ఏడున్నర శాతమే వేసుకున్నా 1,275 డాలర్లు. ఏడాదికి 200 మిగుల్చుకుంటూ పోతే ఆ పన్ను సొమ్ము రాబట్టుకోవడానికే ఆరేళ్లు దాటుతుంది, 17,000 సంగతి దేవుడెరుగు. కొత్త బండికి ఇన్సూరెన్సు ప్రీమియం పెరగడం వేరే. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే. ‘ఆ డబ్బుకు కొత్త బండి వచ్చింది కదా’ అంటారా? నిజమే, వచ్చింది. కొత్త బండి మీద మనసుపడి కొనుక్కుంటే నేను కాదనను, కష్టపడి సంపాదించుకున్న డబ్బు మీది. దాన్ని పెట్రోలు పొదుపు ఖాతాలో మాత్రం రాయకండి.

పన్ను లెక్క రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్, న్యూజెర్సీల్లో పాత బండిని ట్రేడ్ ఇన్ ఇస్తే, అంటే కొత్తది కొనే డీలరుకే ఇచ్చేస్తే, దాని విలువ తీసేసి మిగిలిన మొత్తం మీదే పన్ను వేస్తారు. కాలిఫోర్నియా, వర్జీనియాల్లో ఆ వెసులుబాటు లేదు, పూర్తి ధర మీదే కట్టాలి. ఒహాయోలో కొత్త బండి కొంటే ఆ మినహాయింపు ఉంటుంది, వాడిన బండి కొంటే ఉండదు. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉండే స్నేహితుడు చెప్పిన లెక్క మీకు, మీ లెక్క టెక్సస్ ఫ్రిస్కోలో ఉండే మీ బావమరిదికి పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం ఇంకా పెద్దది. బండి ఎంత తిరుగుతుందన్నదాని కంటే ఎక్కడ తిరుగుతుందన్నది చూడాలి. పైన చెప్పిన 30, 40 సగటు అంకెలు. విడదీసి చూస్తే, ఊళ్లో మీ పెట్రోలు బండి సుమారు 27 ఇస్తుంది, హైబ్రిడ్ 41. హైవేలో మీది 34 దాకా ఇస్తుంది, హైబ్రిడ్ 38. ఆ 12,000 మైళ్లూ ఊళ్లోనే తిరిగేవారికి ఏడాదికి 150 గ్యాలన్లు మిగిలితే, అన్నీ హైవే మీదే తిరిగేవారికి 40 గ్యాలన్లు కూడా మిగలవు. హోండా సీఆర్‌వీ తీసుకున్నా కథ ఇంచుమించు ఇంతే. హైబ్రిడ్‌కు లాభం వచ్చేది ఆగి ఆగి వెళ్లే చోట. బ్రేకు నొక్కినప్పుడు మామూలు బండిలో వేడిగా పోయే శక్తిని అది బ్యాటరీలోకి లాక్కుంటుంది, సిగ్నల్ దగ్గర ఇంజను ఆపేస్తుంది, మళ్లీ కదిలేటప్పుడు మోటారుతో లాగుతుంది. 75 మైళ్ల వేగంతో గంటల తరబడి పోతుంటే బ్రేకు నొక్కేదెప్పుడు, శక్తి వెనక్కు వచ్చేదెప్పుడు? అక్కడ బండి గాలితో పోట్లాడుతుంది, ఆ పోట్లాటలో రెండూ దాదాపు సమానమే. కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్లి రావడంలో హైబ్రిడ్ మీకు పెద్దగా మిగిల్చేదేమీ లేదు. పిల్లల బడి, ఈత క్లాసు, ఇండియన్ స్టోరు, ఆఫీసు అంటూ రోజూ పది సిగ్నళ్లు దాటేవారికి నిజంగానే మిగులుతుంది.

హైబ్రిడ్ అనే పేరు చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. ఇండియాలో కొన్ని మారుతి బండ్ల మీద ‘స్మార్ట్ హైబ్రిడ్’ అని రాసి ఉండేది. అది ఇంజనుకు చిన్న చేయూత మాత్రమే, మోటారు ఒక్కటే బండిని లాగలేదు. గ్రాండ్ వితారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్‌లలో వచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్ అసలైనది. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఆ కోవకు చెందిన బండి. అమెరికాలోనూ కొన్ని కంపెనీలు 48 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టి హైబ్రిడ్ అని అంటున్నాయి, వాటికి మైలేజీ లాభం స్వల్పం. ఇక ప్లగ్ ఇన్ హైబ్రిడ్ వేరే జాతి. దాన్ని రోజూ ఛార్జింగ్ పెట్టుకోవాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ప్లగ్ లేనివారు దాని జోలికి వెళ్లనవసరం లేదు. మామూలు హైబ్రిడ్‌కు ఏ తీగా తగిలించక్కర్లేదు.

‘ప్లగ్ ఇన్ కొంటే ప్రభుత్వం 7,500 డాలర్లు ఇస్తుందట’ అని ఇప్పటికీ చెప్పేవారున్నారు. ఆ ఫెడరల్ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసిపోయింది. మామూలు హైబ్రిడ్‌కు అది ఎన్నడూ వర్తించలేదు. ఇప్పుడున్నది కారు లోను వడ్డీ మీద ఆదాయపన్ను మినహాయింపు. 2025 నుంచి 2028 దాకా ఏటా పది వేల డాలర్ల వడ్డీ వరకు చూపుకోవచ్చు. బండి కొత్తదై ఉండాలి, అమెరికాలోనే తయారై ఉండాలి. ఆదాయం ఒంటరివారికి లక్ష, దంపతులకు రెండు లక్షల డాలర్లు దాటితే అది తగ్గుతూ పోతుంది. తయారీ ఎక్కడో తెలుసుకోవడానికి ముందు అద్దం కింద ఎడమ మూలన కనిపించే వీఐఎన్ నంబరు, అంటే బండి గుర్తింపు సంఖ్య, చూడండి. 1, 4, 5, 7లలో ఒకదానితో మొదలైతే అమెరికా, 2 అయితే కెనడా, జె అక్షరమైతే జపాన్. ఒకే షోరూములో పక్కపక్కన నిలబెట్టిన రెండు రావ్ ఫోర్‌లు వేర్వేరు దేశాలవి కావచ్చు.

మీరు హెచ్1బీ మీద ఉన్నారు కనుక ఇంకో మాట. లోను లేని బండి మీకు ఇప్పుడు పెద్ద ఆస్తి. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు ఇస్తారు. ఆ రెండు నెలల్లో కొత్త ఉద్యోగం వెతుక్కోవాలా, బండి లోను సంగతి చూసుకోవాలా? కొత్త బండి షోరూము గడప దాటగానే ధర పడిపోతుంది, లోను మాత్రం అలాగే ఉంటుంది. మొదటి రెండేళ్లలో అమ్మాల్సి వస్తే చేతి నుంచి ఎదురు కట్టి వదిలించుకోవాల్సిన పరిస్థితి రావచ్చు. ఇది చదివే కొత్తవారిలో క్రెడిట్ చరిత్ర లేక ఎక్కువ వడ్డీకి లోను తీసుకున్నవారు కూడా ఉంటారు. పాత లోను ఇంకా ఉండగా బండి మార్చి, ఆ బాకీని కొత్త లోనులో కలిపేస్తానని డీలరు అంటే అక్కడి నుంచి లేచి రండి. నెల వాయిదా ఎంత కట్టగలరు అనేది అతని మొదటి ప్రశ్న అవుతుంది. దానికి జవాబు చెప్పకండి. పన్నులు, డాక్యుమెంటు రుసుము, అన్నీ కలిపి బండి బయటికి రావడానికి ఎంతో కాగితం మీద రాసివ్వమనండి. టైర్లలో నైట్రోజన్, రంగుకు పూత, అద్దాల మీద నంబరు చెక్కడం లాంటివి అందులో కనిపిస్తే కొట్టేయమనండి.

బ్యాటరీ పోతే ఏం గతి అని అందరూ భయపడతారు. ప్రియస్ జపాన్‌లో 1997లో వచ్చింది, అమెరికాకు 2000లో వచ్చింది. అంటే ఇది నిన్న మొన్నటి ప్రయోగం కాదు. టొయోటా 2020 మోడళ్ల నుంచి హైబ్రిడ్ బ్యాటరీకి పదేళ్లు లేదా లక్షా యాభై వేల మైళ్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తోంది. బండి చేతులు మారినా అది బండితోనే వెళుతుంది. 2019 మోడల్ హైబ్రిడ్ వాడినది కొంటే ఎనిమిదేళ్లు, లక్ష మైళ్లే. ఏడాది తేడాతో వారంటీలో ఇంత తేడా ఉందని అమ్మేవారు తమంతట తాము చెప్పరు. పైగా టొయోటా హైబ్రిడ్‌లో విడిగా స్టార్టరు మోటారు ఉండదు, ఆల్టర్నేటరు ఉండదు, గేర్‌బాక్సులో అరిగే బెల్టు ఉండదు. బ్రేకు ప్యాడ్లు కూడా మామూలు బండి కంటే చాలా ఎక్కువ కాలం వస్తాయి. మీ చలి రాష్ట్రాల్లో ఒక జాగ్రత్త అవసరం. 2019 మోడల్ నుంచి వచ్చిన కొన్ని రావ్ ఫోర్ హైబ్రిడ్‌లలో వెనక మోటారుకు వెళ్లే కేబులు, రోడ్ల మీద చల్లే ఉప్పుకు తుప్పు పట్టింది. వాడిన బండి కొనేముందు లిఫ్టు మీద ఎత్తించి ఆ కనెక్షను చూపించమనండి. దాంతోపాటు డీలరు దగ్గర హైబ్రిడ్ బ్యాటరీ పరీక్ష కూడా చేయించండి.

చలికాలం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. 20 డిగ్రీల ఫారన్‌హీటులో ఊళ్లో తిరిగితే మామూలు బండి మైలేజీ 77 డిగ్రీల నాటితో పోలిస్తే సుమారు 15 శాతం తగ్గుతుంది, మరీ చిన్న దూరాలైతే 24 శాతం దాకా. హైబ్రిడ్‌కు అది 30 శాతం పైన కూడా ఉండొచ్చు. హీటరు కోసం, తాను వేడెక్కడం కోసం, ఆగిపోవాల్సిన చోట కూడా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. జనవరిలో మైలేజీ పడిపోయిందని సర్వీసింగ్‌కు పరుగెత్తాల్సిన పని లేదు. వెనక సీటు కింద బ్యాటరీకి గాలి లాక్కునే జాలీ మాత్రం కనిపెట్టి ఉండాలి. పిల్లలున్న ఇంట్లో అక్కడ జంతికల ముక్కలు, బిస్కెట్ పొడి, దుప్పటి దారాలు చేరతాయి. ఫిల్టరు పూడుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. దాన్ని ఇంట్లోనే విప్పి దులపవచ్చు, పెద్ద పనేమీ కాదు. ఆ జాలీకి అడ్డంగా బియ్యం బస్తా పెట్టకండి.

డిసెంబరులో నెల రోజులు ఇండియా వెళ్లి వస్తే హైబ్రిడ్ ఒక్కోసారి కదలకపోవచ్చు. పెద్ద బ్యాటరీకి ఏమీ కాదు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ పడిపోతుంది. తాళం పక్కింటివారికి ఇచ్చి, వారానికోసారి బండి ఆన్ చేసి కాసేపు ఉంచమనండి. ఆన్ అంటే ఆరుబయట, గ్యారేజీలో కాదు. ఈ బండి చప్పుడు లేకుండా ఉంటుంది కనుక ఆపేశామనుకుని లోపలికి వెళ్లిపోతారు. కొంతసేపటికి ఇంజను దానంతటదే మొదలవుతుంది. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ నిండితే ప్రాణాల మీదకు వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు మొదటి రోజే ఇది చెప్పి పెట్టండి. రివర్సులో వచ్చే సన్నని హమ్ చప్పుడు విని బండి పాడైందేమోనని కంగారుపడతారు. అది పాదచారుల కోసం చట్టప్రకారం పెట్టిన శబ్దమని కూడా చెప్పండి.

మీ విషయానికి వస్తే, త్వరలో ఇంట్లో రెండో బండి అవసరం పడొచ్చు. అప్పుడు కొనేది హైబ్రిడ్ కానివ్వండి. 2026 మోడల్ నుంచి రావ్ ఫోర్‌లో ఒట్టి పెట్రోలు బండి లేనే లేదు, కనుక ఆ బండే కొంటే వేరే దారీ లేదు. సీఆర్‌వీ చూస్తే పెట్రోలు, హైబ్రిడ్ రెండూ దొరుకుతాయి, కానీ హైబ్రిడ్‌లో స్టెప్నీ ఉండదు, టైరు బాగుచేసే కిట్ ఇస్తారు. రాత్రివేళ హైవే మీద టైరు పగిలితే అది ఎందుకూ పనికిరాదు. రెండో బండి వచ్చాక రోజువారీ ఊరి తిరుగుళ్లన్నీ హైబ్రిడ్‌కు ఇచ్చి, దూరప్రయాణాలకు మీ పాత రావ్ ఫోర్ తీయండి. కొనేముందు ఆ బండి వీఐఎన్ నంబరు చెప్పి మీ ఇన్సూరెన్సు కంపెనీని ప్రీమియం ఎంతో అడగండి. డీలరు దగ్గర సంతకం పెట్టేది ఆ అంకె తెలిశాకే.