చీరల కౌంటర్ దగ్గర మా అమ్మాయా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. అమ్మాయి ఈ ఏడాది బీకాం పూర్తిచేసింది. ఊళ్లోని ఒక పెద్ద బట్టల షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగానికి వచ్చే శుక్రవారం ఇంటర్వ్యూ ఉంది, వెళ్తానంటోంది. బట్టలంటే అంత ఇష్టమైతే రెండు లక్షలు కట్టి హైదరాబాద్‌లో ఏడాది ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమాలో చేర్పిస్తానన్నాను, వినడం లేదు. డిగ్రీ చదివి చీరలు మడతపెట్టడం ఏమిటి? మా బంధువులంతా అక్కడే కొంటారు. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: ‘మా బంధువులంతా అక్కడే కొంటారు.’ మీ ఉత్తరమంతా ఈ ఒక్క వాక్యం కోసం రాసిందే. పెళ్లి పట్టుచీరకు వచ్చిన మీ వదినగారు కౌంటర్ అవతల మీ అమ్మాయిని చూస్తే ఏమవుతుంది? రెండు రోజులు చెప్పుకుంటారు. ఆ తర్వాత శ్రావణమాసంలో ‘మన పిల్ల ఉందిగా’ అంటూ నేరుగా ఆమె దగ్గరికే వస్తారు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. నగలు, ఫోన్లు, మందులు అంటూ కౌంటర్ మాత్రమే మారుతుంది. తాడితోట బట్టల మార్కెట్ ఉన్న ఊళ్లో ఉంటూ బట్టలమ్మే పనిని చిన్నచూపు చూడటం మీకు తగదు. ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లలో పిల్లలు చదువుకున్నారో మీకే బాగా తెలుసు.

డిప్లొమా సంగతి చెబుతాను. ప్రవేశ పరీక్ష రాసి నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) లాంటి చోట నాలుగేళ్లు చదివితే నేను కాదనను. మీరు చెబుతున్నది అది కాదు. ఏడాదిలో డిజైనర్‌ను చేసి పంపుతామనే ప్రకటనలంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. కొన్ని బొమ్మలు, చివర ఒక ఫ్యాషన్ షో, ఒక సర్టిఫికెట్. అలా చదివి నా దగ్గరకు వచ్చిన కొందరిని గద్వాల చీర ప్రత్యేకత ఏమిటని అడిగాను. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అని ఒక్కరూ చెప్పలేదు. వాళ్లలో ఎక్కువమంది చివరికి చేరింది షోరూముల్లోనే. అంటే మీ అమ్మాయి ఇవాళ అడుగుతున్న పనికే, ఏడాది ఆలస్యంగా, ఇంట్లో అప్పు మిగిల్చి. ఆమె బొమ్మలు గీస్తుందని మీరు ఎక్కడా రాయలేదు. బట్టలు గీయడం మీద ఇష్టం వేరు, అమ్మడం మీద ఇష్టం వేరు. ఆమె అడగనిదానికి మీరు డబ్బు కడతానంటున్నారు.

ఇక ఇంటర్వ్యూ. మేనేజర్ ఒక చీర చేతికిచ్చి ‘నాకు అమ్ము’ అనవచ్చు. చాలామంది ధరతో, తగ్గింపుతో మొదలుపెట్టి అక్కడే చెడగొట్టుకుంటారు. ‘ఎవరికండీ? ఏ సందర్భానికి?’ అని ముందు అడగాలి. ఆ తర్వాత మడత విప్పి, కొంగు పరిచి, అంచు తన భుజం మీద వేసుకుని చూపించాలి. ‘నలభై చీరలు తీయించి ఏమీ కొనకుండా వెళ్లిపోతే?’ అనీ అడుగుతారు. (నేనూ అలా లేచివచ్చిన బాపతే.) కోపం రాదంటే ఎవరూ నమ్మరు. ‘మళ్లీ మడతపెడుతూ, ఏ రంగు దగ్గర ఆవిడ చెయ్యి ఆగిందో గుర్తుపెట్టుకుంటాను’ అని నా విద్యార్థిని ఒకామె చెప్పి, ఆ రోజే ఉద్యోగం తెచ్చుకుంది.

బీకాం వృథా కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తులపై జీఎస్టీ 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. ఇది తడుముకోకుండా చెప్పే పిల్లను బిల్లింగ్‌కు కూడా పనికొస్తుందని గుర్తుపెట్టుకుంటారు.

ఆషాఢం తగ్గింపులు, దసరా, సంక్రాంతి, ఆదివారాలు: ఊరికి సెలవైన రోజే ఆమెకు పని ఎక్కువ. రాగలవా అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఆమె ‘నాన్నను అడిగి చెబుతాను’ అనకుండా ఉండాలంటే మీరు ఈ వారమే ఒక మాట తేల్చాలి.

ఆమె కూడా అడగాల్సినవి ఉన్నాయి. నియామక పత్రం ఇస్తారా, వారపు సెలవు ఏ రోజు, టార్గెట్ అందకపోతే జీతంలో కోస్తారా? ఇరవై మంది పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. పది మంది ఉంటే, జీతం నెలకు 21,000 రూపాయలు దాటనివాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోవాలి. డిపాజిట్ కట్టమంటే లేచి వచ్చేయాలి.

ఈ పనిలో అసలు కష్టం నిలబడటం. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇవ్వడానికి కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కూర్చోవడానికి కూడా చట్టం కావాల్సి వచ్చింది! మీరు బెంగపెట్టుకోవాల్సింది బంధువుల కళ్ల గురించి కాదు, పిల్ల కాళ్ల గురించి.

ఈ ఆదివారం ఇద్దరూ కొనుక్కోవడానికి వెళ్లినట్టే ఆ షోరూమ్‌కు వెళ్లండి. మధ్యాహ్నం జనం పలచబడ్డాక సిబ్బంది కూర్చోవడానికి ఒక స్టూలైనా ఉందా, మేనేజర్ వాళ్లను పేరు పెట్టి పిలుస్తున్నాడా, చిటికె వేసి పిలుస్తున్నాడా చూడండి. వచ్చేటప్పుడు చిన్నదో పెద్దదో ఏదో ఒకటి కొనండి. ఊరికే చీరలన్నీ తీయించి మాత్రం రాకండి.