చనిపోయిన మరిది మీద నింద మోపి తెచ్చుకున్న నెమ్మది

నారాయణపేట దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దకోడలు రాశారు. ఆరేళ్ల కింద ఆమె ఆడబిడ్డ, ఆడబిడ్డ భర్త ముంబయిలో కూలి చేసి కూడబెట్టిన 4 లక్షలు పుట్టింట్లో దాచుకున్నారు. ఆ డబ్బు పోయింది. చిన్నకొడుకు పేకాటలో పోగొట్టాడని కులపెద్దల ముందు పంచాయితీలో తేల్చారు. వారం తిరగకముందే ఆయన పత్తికి తెచ్చిన పురుగుల మందు తాగి చనిపోయాడు. "పోయినోని మీద పగెందుకు" అని ఆడబిడ్డ డబ్బు మాట వదిలేసింది. అప్పటి నుంచి బతుకమ్మకు, కురుమూర్తి జాతరకు అందరూ కలిసే పోతున్నారు. యారాలు (తోడికోడలు, చనిపోయినాయన భార్య) మాత్రం "మా ఆయన వాటా ఆయనే తినిండు" అని, భూమిలో వాటా వదులుకుంటున్నట్టు పెద్దలు రాసిన కాగితం మీద సంతకం పెట్టి, హైదరాబాద్‌లో హాస్టల్ వంటపనికి పోయింది. ఆమె 14 ఏళ్ల కొడుకు గురుకులంలో ఉన్నాడు. డబ్బు తీసింది తానేనని, వడ్డీ ఎక్కువొస్తదని చిట్టీలో పెట్టి పోగొట్టానని, తమ్ముడి పేరు తానే చెప్పానని పోయిన నెల భర్త ఈమె ముందు ఏడ్చాడు. అత్తకు 72 ఏళ్లు, బీపీ ఉంది. "అబద్ధం మీద నిలబడ్డా నెమ్మది నెమ్మదే గదా. ఇప్పుడు చెప్పి ఇల్లు కూల్చాల్నా? ఈసారి జాతరకు యారాలిని కూడా పిలిచి, మంచిగ చూసుకుంటే సరిపోదా?" అని అడుగుతున్నారు.

అమ్మా, ఇంటి నెమ్మది కోసం ఆడే అబద్ధాలన్నీ ఒకటి కావు. వెయ్యి అబద్ధాలాడి పెళ్లి చేయమన్న ఊళ్లే మనవి. ప్రాణానికో, మానానికో ముప్పు వచ్చినప్పుడు బొంకితే పాపం లేదని బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన మాటనూ మనవాళ్లు తరచూ ఎత్తుతారు. ఆ మినహాయింపు ప్రాణం, మానం వంటివి కాపాడటానికి. మీ ఇంట్లో ఆడిన అబద్ధం ఒక మనిషి మానం తీసింది. ఆ నెమ్మదికి ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడండి. అత్త నిద్రపోతున్నది, ఆడబిడ్డ పండుగకు వస్తున్నది. యారాలు ఊరొదిలి పరాయి పిల్లలకు వండి పెడుతున్నది, ఆ పిల్లవాడు తండ్రి పేరు చెప్పడానికి సిగ్గుపడుతూ పెరుగుతున్నాడు. పాలు పంచుకోని ఇద్దరి మీద బరువంతా వేసి మిగతావాళ్లు పొందే నెమ్మది న్యాయమని నేను అనలేను. పోయిన నెల దాకా ఈ తప్పు మీది కాదు. తెలిసిన తర్వాత ఊరుకుంటే అందులో మీ పాలు కూడా ఉంటుంది.

అయితే ఈ రాత్రే చెప్పేయకండి. ముందు మీ ఆయన ప్రాణం. ఆరేళ్లు దాచింది బయటపెట్టిన మనిషికి సిగ్గు ఒక్కసారిగా ముంచుకొస్తుంది, అదే ఇంట్లో ఇంతకుముందే ఒకరు పురుగుల మందు తాగి పోయారు. పురుగుల మందు, గడ్డి మందు డబ్బాలన్నీ ఇవాళే ఇంట్లోంచి, చేను కొట్టంలోంచి తీయించండి. తాళం వేసి తాళంచెవి మీరు దాచుకునే కన్నా, వేరేవాళ్ల ఇంట్లో పెట్టించడమే మేలు. "నేను పోతే అంతా సరైతది" లాంటి మాట వింటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

తమ్ముణ్ని తానే చంపానని ఆయన అనుకుంటుండవచ్చు. ఒక మనిషి మందు తాగడం వెనుక ఏమేమి ఉన్నాయో ఎవరూ పూర్తిగా చెప్పలేరు. ఆయన ఒప్పుకోవలసింది తాను చేసినదాన్ని: డబ్బు తీశాడు, నింద వేశాడు. కేసు భయం ఉంటే ముందు వకీలుతో మాట్లాడనివ్వండి. యారాలుకు వేరే వకీలు కావాలి, ఇద్దరికీ ఒకరే వద్దు.

మొదట వినాల్సిన మనిషి యారాలు. అత్త కాదు, ఆడబిడ్డ కాదు, పెద్దలు కాదు. ఫోన్లో వద్దు, పండుగ పూట వద్దు. ఆమె నమ్మే మనిషి, అన్నో తల్లో, పక్కన ఉండాలి. మీ ఆయన మాట ఇంతకన్నా పొడవు కావద్దు: "డబ్బు తమ్ముడు తీయలే. నేను తీసి చిట్టీల పోగొట్టిన. పంచాయితీల వాని పేరు అబద్ధం చెప్పిన." ఆ తర్వాత "కానీ" అనే మాట రావద్దు. ఇక్కడ చాలామంది చేసే తప్పు కాళ్ల మీద పడటం. అప్పుడు ఆమె తన దుఃఖం పక్కన పెట్టి ఆయన్ను లేపి ఓదార్చవలసి వస్తుంది. క్షమించమని ఆ రోజు అడగనే వద్దు. ఆమె తిట్టినా, లేచిపోయినా ఆపకండి.

భూమి సంగతి అదే రోజు కాకుండా కొద్ది రోజులకు మాట్లాడాలి, లేకుంటే నోరు మూయించడానికి ఇస్తున్నట్టు అవుతుంది. "కేసు పెట్టను" అని రాయించుకుని భూమి ఇవ్వడం మరో అన్యాయం. ఆరెకరాలు మామగారి స్వార్జితమని రాశారు. ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే అత్తకు, ఇద్దరు కొడుకులకు, ఆడబిడ్డకు తలా ఎకరం 20 గుంటలు. తర్వాత పోయిన మీ మరిది వాటా ఆయన తల్లికి, భార్యకు, కొడుకుకు తలా 20 గుంటలు. అంటే యారాలుకూ పిల్లవాడికీ కలిపి ఎకరం. రిజిస్టర్ కాని కాగితం మీద సంతకంతో భూమి హక్కు సాధారణంగా పోదు. మైనర్ వాటాను కోర్టు అనుమతి లేకుండా తల్లి వదిలినా, 18 నిండాక 3 ఏళ్లలోపు ఆ పిల్లవాడు కోర్టులో సవాలు చేయవచ్చు. మోసంతో పెట్టించిన సంతకమైతే గడువు మోసం తెలిసిన రోజు నుంచి లెక్క, కాబట్టి యారాలు ఆలస్యం చేయొద్దు. ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోన్ చేసినా, జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు పోయినా వకీలును ఇస్తారు.

పట్టా ఇప్పుడు మీ ఆయన పేరు మీద ఉంది గనుక ప్రభుత్వ భూముల వెబ్‌సైట్ భూభారతిలో స్లాట్ బుక్ చేసుకుని, తహసీల్దార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి, పాస్‌బుక్ మార్పించాలి. నోటిమాట చాలదు. ఆరేళ్ల కౌలు, ఆ ఎకరం మీద వచ్చిన రైతుబంధు, రైతు భరోసా కూడా లెక్క కట్టండి. ఆడబిడ్డకు 4 లక్షల బాకీ వేరే. ఒకేసారి కట్టలేకపోతే పంటకు ఇంతని రాసివ్వండి.

పిల్లవాడికి ఎప్పుడు చెప్పాలో తల్లి ఇష్టం. హాస్టల్‌కు తిరిగి పోయే ముందు రోజు మాత్రం వద్దు, సెలవుల మొదట్లో చెబితే తల్లి నాలుగు రోజులు పక్కన ఉంటుంది. "మీ నాయిన దొంగ కాదు" అన్న మాట ముందు వినాలి. "పెద్దనాయిన చంపిండు" అని ఎవరూ అనొద్దు.

అత్తకు చెప్పేటప్పుడు బీపీ గోళీ వేసుకున్నాక, పగటిపూట, ఆడబిడ్డ పక్కనుండగా చెప్పండి. ఆమె వయసును ఎప్పటికీ సాకు చేయకండి. దొంగ అనుకుంటూనే కొడుకును తలుచుకునే తల్లికి కూడా ఈ నిజం మీద హక్కుంది. చివరికి యారాలు ఒప్పుకుంటే, ఏ పెద్దల ముందు పేరు పోయిందో ఆ పెద్దల ముందే, అదే గద్దె మీద మీ ఆయన చెప్పాలి. నలుగురిలో పోయిన పేరు నాలుగు గోడల మధ్య తిరిగి రాదు.

ఆడబిడ్డ మళ్లీ మాట్లాడటం మానొచ్చు. ఒకటి రెండు పండుగలు ఇల్లు బోసిగా ఉండొచ్చు. కాదని నేను మాట ఇవ్వలేను. మీ ఆయన ఒప్పుకోకపోతే నెల గడువు పెట్టండి, ఆపైన మీకు తెలిసింది మీరే యారాలుకు చెప్పండి. ఆయన చెయ్యెత్తితే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

జాతరకు నిజం చెప్పక ముందు పిలవకండి. తెలియకుండా వచ్చి మీతో కొండెక్కితే, రేపు ఆ నడక కూడా ఆమెకు మోసమే అనిపిస్తుంది. చెప్పిన తర్వాత ఒక్కసారి పిలవండి. రానంటే మళ్లీ అడగకండి, మనిషి మీద మనిషిని పంపకండి.