గాలించడానికి గాలి అక్కర్లేదు

సందేహం: "మన పొలం అడంగల్ (భూమి, పంట వివరాలుండే సర్కారు రికార్డు) కోసం గూగులంతా గాలించాను, లేదు" అన్నాడు మా అబ్బాయి. తీరా మీభూమి సైటులో జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబరు కొడితే వచ్చేసింది. ఇలాంటిదాన్ని 'దాచిన సమాచారం' అనొచ్చా? గాలించడం అన్న మాట గాలిలోంచి పుట్టిందా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: అమ్మా, మీ రెండో ప్రశ్న నాకు ఇష్టమైనది, ముందు దాని సంగతి చూద్దాం. గాలితో చేసే పనికి మన కళ్లాల్లో వేరే మాట ఉంది, తూర్పారబట్టడం. గాలించడం నీళ్లతో పని. సంస్కృతంలో గాలనం అంటే వడగట్టడం, మన గాలించు దాని బిడ్డే అని నా నమ్మకం. బియ్యంలో రాళ్లు మామూలైన రోజుల్లో మా అమ్మ తపేలాలో బియ్యం, నీళ్లు పోసి, చేత్తో తిప్పుతూ కొంచెం కొంచెంగా వంచేది, బియ్యం నీళ్లతోపాటు పక్క గిన్నెలోకి జారిపోయేవి, రాళ్లు అడుగున ఉండిపోయేవి. చివర మిగిలిన గుప్పెడుకీ మళ్లీ నీళ్లు, మళ్లీ తిప్పడం. అప్పుడుగానీ అత్తెసరు పొయ్యెక్కేది కాదు. ఒక్క గింజ కూడా తప్పించుకోకుండా మొత్తం చేతికింద నుంచి వెళ్లాలి, అదీ గాలించడమంటే. గోదావరిలో పడవ మునిగితే గజ ఈతగాళ్లు గాలిస్తున్నారని రాయండి, ఒప్పుకుంటాను. 'గాలింపు చర్యలు' ఏమిటి? గాలింపు అంటే చాలదా?

ఆ లెక్కన నిజంగా గాలించేది గూగుల్. లింకులు పట్టుకుని పేజీ పేజీకీ పోతుంది, ఫారం ఎదురైతే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. మీ సర్వే నంబరు దానికేం తెలుసు? కొన్ని ఫారాలను తానే నింపి చూస్తున్నానని 2008లో చెప్పింది గానీ, పాస్‌వర్డులూ సొంత వివరాలూ అడిగేవాటి జోలికి పోనని కూడా అంది. మీ అడంగల్ పేజీ ముందే తయారుగా ఉండదు, అడిగాకే తయారవుతుంది. పోతన ప్రహ్లాదుడు "ఎందెందు వెదకి చూచిన నందందే గలడు" అన్నాడు సరే, తండ్రి స్తంభాన్ని చరిచేదాకా నరసింహుడు బయటికి రాలేదు కదా! ఫారం కింద బటన్ నొక్కడం ఆ చరుపే. (పోతనది వెదకు, మనది వెతుకు. రెండూ ఒప్పే.)

ఇక 'దాచిన' అనాలంటే దాచినవాడొకడు ఉండాలి. ఇక్కడ ఎవరూ దాచలేదు, అది దాగి ఉంది. దాచుకీ దాగుకీ తేడా బళ్లోనే చెప్పారు, మరిచిపోయాం. ఇంగ్లీషువాళ్లు దీన్ని డీప్ వెబ్ అంటే, మనవాళ్లు కొందరు డార్క్ వెబ్‌తో కలిపేసి 'చీకటి జాలం' అని భయపెడుతున్నారు. డార్క్ వెబ్ ప్రత్యేకమైన బ్రౌజరుతో వెళ్లే వేరే చోటు. మీ అడంగలూ, ఆంధ్రభారతి సైటులో మనం వెతుక్కునే నిఘంటువులూ ఏం పాపం చేశాయని ఆ పేరు?

మరి సర్వే నంబరు కొట్టి రాబట్టుకోవడాన్ని ఏమనాలి? శోధించడం అంటే పరీక్ష పెట్టినట్టుంటుంది. మన రైతులు ఎప్పటినుంచో "అడంగల్ తీయించాను" అంటున్నారు, గాదెలోంచి ధాన్యం తీసినట్టే. నాకైతే 'తీయడం' నచ్చుతుంది, వెతికాను అన్నా తప్పుపట్టను. గాలించాను అన్న మీవాడి మాట మీదే నాకు అనుమానం. మొదటి పేజీ దాటి ఉండడు, అడిగి చూడండి.